కంప్యూటరునకు మాటు వేయుట



పరీక్షా ఫలితములు వెలువడు దినమున మీలో పెక్కురు పొందియుండు అనుభవ మొకటి కలదు. ఉదయముననే తండ్రిగారి ఫోనునందో, బజారులోని కంప్యూటరు అంగడియందో క్రమసంఖ్యను నింపి కూర్చుందురు. పుట తెరచుకొనదు. మరల నొక్కుదురు, మరల తెరచుకొనదు. ఆ వేళ తల్లిదండ్రుల ముఖములలో కనబడు ఆందోళనము మేమెరుగుదుము. అట్టి దినమున సాధారణముగా ఎవరి నేరమును ఉండదు. వేలకొలది జనులు ఒక్క గడియలో ఒక్క వాకిటికి వచ్చిరి, వాకిలి ఇరుకైనది, అంతియే.

కాని, జనులెవ్వరును రాకుండగనే వాకిట గొప్ప గుంపున్నట్లు భ్రమ కల్పించి, నిజముగా వచ్చినవారిని వెలుపలనే నిలిపివేయు దుష్కార్యము వేరొకటి కలదు. దానిని ఆంగ్లమున ‘డినయల్ ఆఫ్ సర్వీస్’ అందురు. మనము ‘సేవా నిరోధము’ అనుకొందము. ఇందు దుష్టుడు దేనిని దొంగిలింపడు, ఎవరి ఉత్తరమును చదువడు. పని సాగనీయడు, అంతమాత్రమే. ఆ మాత్రముచేతనే ఆసుపత్రిలో చీటీ దొరకదు, బ్యాంకులో సొమ్ము కదలదు, బడిలో పాఠము నిలిచిపోవును. ఇరుగుపొరుగుల భాష వేరై, తెలుగు పుస్తకముల అంగడి దూరమైన మనవంటి వారికి నిఘంటువులును, పాత గ్రంథములును, దూరపు బంధువుల క్షేమసమాచారములును ఇప్పుడు చాలవరకు ఈ త్రోవనే వచ్చుచున్నవి. కావున ఈ త్రోవ మూతపడుట మన యింటి విషయము కూడ.

బిందెకు చిల్లి పడినచో మన పెద్దలు దానిని పారవేయరు, మాటు వేయింతురు. కంప్యూటరులను నడపు వ్యవస్థలయందును చిల్లులు పడును. వానికిని మాట్లు వేయుదురు. ఆంగ్లమున ‘ప్యాచ్’ అనబడునది ఇదియే. అట్టి యొక చిల్లి కథను, దాని మాటు కథను ఈ పాఠమున తెలిసికొందము.

మూడు మాటల పలకరింపు

కంప్యూటరు లోపల అన్ని పనులను పంచిపెట్టి నడపు మూల కార్యక్రమమును ఆపరేటింగ్ సిస్టము అందురు. విండోస్, లినక్స్, యునిక్స్ అనునవి ఇట్టివి. జ్ఞాపకశక్తిలో ఎవరికెంత చోటు ఈయవలెనో, వెలుపలి నుండి వచ్చిన సందేశమును ఏ కార్యక్రమమునకు అందింపవలెనో నిర్ణయించునది అదియే. పదిమంది కోరిన పుటలను అందించుటకై ఎల్లవేళల సిద్ధముగా నుండు కంప్యూటరును సర్వరు అందురు.

రెండు కంప్యూటరులు ఇంటర్నెట్ ద్వారా మాటలాడుకొనుటకు కొన్ని మర్యాదలు కలవు. వానిలో ముఖ్యమైనది టి.సి.పి. అను నియమావళి. 1974లో వింటన్ సర్ఫ్, రాబర్ట్ కాన్ అను అమెరికా దేశపు శాస్త్రజ్ఞులు దీని మూలభావనను ప్రకటించిరి. పిమ్మట చాలకాలము ప్రమాణముగా నిలిచిన దాని రూపము 1981 సెప్టెంబరులో వెలువడెను. ఈ నియమావళి ప్రకారము సంభాషణకు ముందు మూడు మాటలు నడువవలెను. మొదట వచ్చినవాడు “మాటలాడవచ్చునా?” అని అడుగును. దీనికి ‘సిన్’ అని పేరు. సర్వరు “వింటిని, మాటలాడవచ్చును, ఈ సంఖ్యను గుర్తుంచుకొనుము” అని ఒక సంఖ్యను పంపును. వచ్చినవాడు ఆ సంఖ్యకు ఒకటి కలిపి తిరిగి పంపుచు “అందినది” అనును. ఈ కడపటి మాటకు ‘యాక్’ అని పేరు. అంతట సంభాషణ ఆరంభమగును.

చూడుడు, ఇది ఎంత చక్కని మర్యాద! అయినను చిల్లి ఇక్కడనే యున్నది.

గుమాస్తా పట్టిక

ఒక బడిలో ప్రవేశములు జరుగుచున్నవనుకొందము. ఎవరైనను కార్డు వ్రాసి “మా పిల్లవానిని చేర్చుకొందురా?” అని అడుగవచ్చును. కార్డు రాగానే గుమాస్తా తన పట్టికలో ఒక గడిలో ఆ పేరు వ్రాసికొని, “రండు” అని జవాబు పంపును. తండ్రి ఆ జవాబును పట్టుకొని వచ్చువరకు ఆ గడి ఆయనకే కేటాయింపబడి యుండును. పట్టికలో గడులు కొన్నియే. అవి నిండినచో క్రొత్త కార్డులను గుమాస్తా ప్రక్కకు నెట్టివేయును.

ఇప్పుడొక దుర్జనుడు బయలుదేరినాడనుకొందము. అతడు ప్రతి కార్డుపైనను ఒక్కొక్క తప్పుడు చిరునామా వ్రాసి పంపును. అదియు తెలివిగా వ్రాయును. నిజముగా మనుషులున్న యింటి చిరునామా వ్రాసినచో, ఆ యింటివారు “మేమడుగలేదే” అని జవాబు వ్రాయుదురు. గుమాస్తా వెంటనే గడిని కొట్టివేయును. కావున ఆ దుర్జనుడు పాడుపడిన యిండ్ల చిరునామాలే వ్రాయును. అక్కడినుండి ఔననిగాని కాదనిగాని జవాబు రాదు. గుమాస్తా ఎదురుచూచుచునే యుండును. పట్టిక నిండిపోవును. నిజముగా పిల్లవానిని చేర్పింపవచ్చిన తల్లిదండ్రుల కార్డునకు గడి దొరకదు.

కంప్యూటరులో జరుగునదియు అచ్చముగా ఇదియే. ‘సిన్’ సందేశము రాగానే ఆపరేటింగ్ సిస్టము తన పట్టికలో దానికొక చోటు కేటాయించి జవాబు పంపి వేచియుండును. సగము తెరచిన తలుపువంటి ఈ స్థితులు ఎన్ని ఉండవచ్చునను దానికి పరిమితి కలదు. ఆ కాలపు కొన్ని యునిక్స్ వ్యవస్థలలో ఆ గడులు పదికైనను మించియుండెడివి కావు. ఒక్కొక్క గడికి 75 సెకనులు వేచియుండుట వాడుక.

దీనితో చిన్న లెక్క చేయుదము. గడులు 8, వేచియుండు కాలము 75 సెకనులు అయినచో, 75 సెకనులలో 8 తప్పుడు సందేశములు చాలును. అనగా సుమారు తొమ్మిది సెకనులకొక సందేశము. ఒక్కొక్క సందేశము కనీసపు పరిమాణమున 40 బైట్లు మాత్రమే. చిన్న కంప్యూటరును, సన్నని తీగయు గలవాడు మహాయంత్రమును మూగదానిని చేయగలడు. చిల్లి సన్ననిదే కాని, బిందెలోని నీరంతయు దానిగుండనే కారిపోవును.

తెలిసియు మాటు పడని చిల్లి

ఈ లోపమును 1994 నాటికే ఇద్దరు నిపుణులు గుర్తించిరి. వారు బిల్ చెస్విక్, స్టీవ్ బెల్లోవిన్ అనువారు. వారు కంప్యూటరు రక్షణను గూర్చి వ్రాయుచున్న గ్రంథమున దీనిని గూర్చి ఒక భాగము చేర్చి, పిమ్మట తొలగించిరి. మందు లేని రోగమును చాటిచెప్పుట ప్రమాదమని అట్లు తలచుట సహజమే. కాని తరువాతి రెండేండ్లలో ఎవ్వరును మందు సిద్ధము చేయలేదు. 1996లో ‘ఫ్రాక్’ అను పత్రిక ఈ దాడి పద్ధతిని, దానిని చేయు కార్యక్రమముతో కూడ ప్రకటించెను. ఇక దానిని దాచుట ఎవరి తరము?

అదే సంవత్సరము సెప్టెంబరు 6వ తేది, శుక్రవారము. న్యూయార్క్ నగరమున ‘పానిక్స్’ అను సంస్థ జనులకు ఇంటర్నెట్ సౌకర్యము కల్పించుచుండెను. ఆ దినము మొదలుకొని దాని సర్వరులపై తప్పుడు చిరునామాల సందేశముల వాన కురిసెను. పట్టికలు నిండిపోయెను. ఉత్తరములు అందలేదు, పుటలు తెరచుకొనలేదు. పంపినవాడెవడో కనుగొనుటకును వీలు చిక్కలేదు, ఏలననగా చిరునామాలన్నియు బూటకములే. ఒక వారము గడచునప్పటికి అమెరికాలోని పెద్ద వార్తాపత్రికలు ఈ వార్తను ప్రకటించెను. సెప్టెంబరు 19వ తేదిన కంప్యూటరు ఆపదలను గమనించు ‘సర్ట్’ అను కేంద్రము దేశమునకంతకు హెచ్చరిక వెలువరించెను.

పానిక్స్ వారి యంత్రములలో దేనియందును విరిగిన భాగమొక్కటియు లేదు. ప్రతి యంత్రమును నియమావళి చెప్పినట్లే నడచుకొనెను. అయినను పని ఆగిపోయెను. లోపము యంత్రమునందు గాక మర్యాదయందే యుండెను. వచ్చినవాడెవడో తేలకముందే అతనికొరకు చోటు కేటాయించుటయే ఆ లోపము.

మొదటి మాట్లు

మొదట తోచిన ఉపాయములు సులభమైనవి. పట్టికను పెద్దది చేయుట ఒకటి. ఎనిమిది గడులకు మారుగా వేయి గడులుంచినచో దుర్జనుడు మరికొంత శ్రమపడవలసి వచ్చును. వేచియుండు కాలమును తగ్గించుట రెండవది. కాని ఇందు చిక్కు కలదు. దూరము నుండి, మెల్లని తీగ గుండ వచ్చు నిజమైన అతిథి జవాబు కూడ ఆలస్యముగానే అందును. కాలము మిక్కిలి తగ్గించినచో అతడే నష్టపోవును.

మూడవ ఉపాయము దూరదృష్టి గలది. ఏ సంస్థ గుండ సందేశము బయలుదేరుచున్నదో ఆ సంస్థయే “ఈ చిరునామా మా పరిధిలోనిదేనా?” అని పరీక్షించి, బూటకమైనచో గడప దాటనీయకుండుట. మన ఊరి తపాలా పెట్టెలో దూరపు ఊరి చిరునామాతో కార్డు పడినచో అక్కడనే ఆపివేయుట వంటిది. 1998లోను, మరల 2000లోను ఈ పద్ధతిని వ్రాతమూలకముగా అందరికి సిఫారసు చేసిరి. ఇది ఉత్తమమైన పద్ధతియే. కాని లోకమునందలి సంస్థలన్నియు పాటించిననే పూర్తి ఫలము కలుగును. పరాయివాడు తన వాకిలి కాచుకొనలేదని మన యింట దొంగలు పడుట న్యాయమా? మన తలుపునకు మనమే వేసికొనదగిన గడియ కావలసి వచ్చెను.

పట్టిక లేని గుమాస్తా

ఆ గడియను కనుగొన్నవారిలో ముఖ్యుడు డేనియల్ బెర్న్‌స్టెయిన్ అను అమెరికా గణితవేత్త. పానిక్స్ దాడి జరిగిన సెప్టెంబరు మాసముననే ఆయన ఒక ఉపాయము సూచించెను. ఎరిక్ షెంక్ అనునాయనతో కలసి దాని వివరములను సవరించెను. అక్టోబరులో సన్ సంస్థవారి వ్యవస్థకును, 1997 ఫిబ్రవరిలో లినక్స్‌నకును ఈ మాటు సిద్ధమయ్యెను. దీనికి ‘సిన్ కుకీ’ అని పేరు.

మన గుమాస్తా మాటలలోనే దీనిని చెప్పుకొందము. ఈసారి గుమాస్తా పట్టికలో ఏమియు వ్రాయడు. వచ్చిన కార్డులోని యింటి సంఖ్యను, నాటి తేదీని, తన మనసులోనే యుంచుకొన్న రహస్య సంఖ్యను కలిపి ఒక లెక్క చేయును. వచ్చిన ఫలమును, తేదీని జవాబు కార్డుపై వ్రాసి పంపి, ఆ సంగతి మరచిపోవును. ఉదాహరణకు ఇంటి సంఖ్య 52, తేదీ 14, రహస్య సంఖ్య 37 అనుకొందము. 52నకు 14 కలుపగా 66. దానిని 37తో హెచ్చింపగా 2442. కడపటి మూడంకెలు 442. వాటినే కార్డుపై వ్రాయును.

నిజమైన తండ్రికి ఆ కార్డు అందును. ఆయన దానిని పట్టుకొని బడికి వచ్చును. గుమాస్తా అప్పుడు లెక్కను మరల చేసి, 442 సరిపోయినదని చూచి, పిల్లవాని పేరు వ్రాసికొనును. తేదీ మరీ పాతదైనచో త్రోసివేయును. పాడుపడిన యింటికి పోయిన కార్డు తిరిగి రాదు. కాని దానికొరకు ఏ గడియు ఖాళీగా ఉంచబడలేదు. వేయి బూటకపు కార్డులు వచ్చినను గుమాస్తాకు వేయి లెక్కల శ్రమయే కాని, పట్టిక నిండిపోదు. జ్ఞాపకముంచుకొను భారము గుమాస్తానుండి తొలగి, వచ్చినవాని చేతి కార్డుపైకి మారినది. ఉపాయమంతయు ఇంతియే!

సర్వరు తన జవాబులో ఎట్లును ఒక సంఖ్యను పంపవలసియున్నది గదా! అది 32 ద్విసంఖ్యాంకముల సంఖ్య. బెర్న్‌స్టెయిన్ పద్ధతిలో మొదటి 5 అంకములు కాలమును తెలుపును. ఆ గడియారము 64 సెకనులకొక మెట్టు కదలును. తరువాతి 3 అంకములు సందేశపు ముక్క ఎంత పెద్దదిగా ఉండవచ్చునో తెలుపును. మిగిలిన 24 అంకములు ఇరువురి చిరునామాలతోను, కాలముతోను, రహస్యముతోను చేసిన లెక్కయొక్క ఫలము. ఆ 24 అంకములతో 1,67,77,216 వేర్వేరు సంఖ్యలు ఏర్పడును. గ్రుడ్డిగా ఊహించి సరియైనదానిని పట్టుకొనుట సులభము కాదు. వచ్చినవాడు మర్యాద ప్రకారము ఆ సంఖ్యకు ఒకటి కలిపి పంపును. సర్వరు ఒకటి తీసివేసి, లెక్క సరిచూచుకొనును. వచ్చినవాని కంప్యూటరులో ఏ మార్పును అక్కరలేదు. పాత మర్యాద చెడకుండ చిల్లి మూసినందుననే ఈ మాటు మెప్పునకు పాత్రమైనది.

ప్రతి మాటునకు కొంత వెల కలదు. పట్టికలో వ్రాసికొనదగిన కొన్ని చిన్న వివరములు ఆ 32 అంకములలో ఇముడవు. అందుచేత సంభాషణయొక్క వేగము కొంత తగ్గవచ్చును. కావున లినక్స్ వంటి వ్యవస్థలు మామూలు వేళలలో పట్టికనే వాడి, అది నిండినప్పుడు మాత్రమే ఈ పద్ధతికి మారునట్లు ఏర్పరచిరి. ఇంకొక పరిమితియు కలదు. లక్షల యంత్రములు కలసి తీగనే నింపివేసినచో, సందేశము గుమాస్తా వరకే రాదు. ఆ రోగమునకు మందు వేరు.

మరియొక చిల్లి, మరియొక నడత

మొదటి చిల్లి కథ రెండేండ్ల మౌనముతో మొదలయ్యెను. రెండవ చిల్లి కథ వేరుగా నడచినది. 2019లో నెట్‌ఫ్లిక్స్ సంస్థలో పనిచేయు జొనాథన్ లూనీ అను నిపుణుడు లినక్స్ వ్యవస్థలో ఒక లోపమును కనుగొనెను. పెద్ద సందేశమును ముక్కలుగా పంపునప్పుడు, “ఈ ముక్క అందినది, ఆ ముక్క అందలేదు” అని చెప్పు రసీదులు వచ్చుచుండును. అప్పుడు లినక్స్ ముక్కలను కట్టలు కట్టి లెక్కించును. ఆ లెక్కకు కేటాయించిన చోటు 16 ద్విసంఖ్యాంకములు. అందు పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య 65,535. ఒక కట్టలో 17 భాగములు, ఒక్కొక్క భాగము 32,768 బైట్లు ఉండవచ్చును. దుర్జనుడు “నాకు 8 బైట్ల ముక్కలే పంపుము” అని కోరి, రసీదులను వక్రముగా పంపినచో ముక్కల సంఖ్య 69,632 వరకు పెరుగును. చోటు చాలదు, లెక్క తప్పును, తప్పిన లెక్కను చూచి వ్యవస్థ భయపడినట్లు తనంతట తానే ఆగిపోవును. 2009 నాటి కూర్పు మొదలుకొని ఈ చిల్లి అందు దాగియుండెను.

లూనీ దీనిని వీథిలో చాటలేదు; దాచియు ఉంచలేదు. వ్యవస్థను కాపాడువారికి తెలిపెను. జూన్ 17వ తేదిన లోపమును గూర్చిన ప్రకటనయు, దానికి మాటును ఒక్కసారిగా వెలువడెను. కట్ట కట్టుటకు ముందే “లెక్క 65,535 దాటునా?” అని చూచికొనుట ఆ మాటులోని సారము. కొన్ని పంక్తుల మార్పు; దానివలన లోకమునందలి అసంఖ్యాక యంత్రములు నిలిచెను.

మన కర్తవ్యము

నిపుణులు మాటు తయారుచేయుటతో పని ముగియదు. మాటు అంగడిలో నున్నంతమాత్రమున మన బిందె కారుట మానదు. అది ప్రతి యింటి, ప్రతి బడి యంత్రమునకు పడవలెను. ఫోనుగాని కంప్యూటరుగాని “క్రొత్త కూర్పు వచ్చినది, చేర్చుకొందువా?” అని అడిగినప్పుడు మనలో చాలమంది “తరువాత” అను మీటను నొక్కి మరచిపోవుదుము. ఆ “తరువాత” అనునదే దుర్జనుడు కోరునది. మాటు ప్రకటింపబడిన దినముననే చిల్లి ఎక్కడ నున్నదో అతనికిని తెలియును.

తల్లిదండ్రులకు మేము మనవి చేయునది రెండు మాటలు. మొదటిది, అట్టి సందేశము యంత్రముయొక్క అమరికలలో వచ్చినప్పుడు ఆ రాత్రియే చేర్చుకొనుడు. ఎవరో పంపిన ఉత్తరములోని లంకెను నమ్మి మాత్రము చేర్చుకొనకుడు. రెండవది, మాట్లు నిలిచిపోయిన పాత వ్యవస్థను ఇంటర్నెట్‌తో కలుపకుడు. విండోస్ 7 అను వ్యవస్థకు సామాన్య వినియోగదారులకిచ్చు మాట్లు 2020 జనవరి 14వ తేదితో ఆగిపోయెను.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఈ పాఠము చదివి “మనమును ఒకసారి చేసి చూతమా?” అను కుతూహలము కలుగవచ్చును. ఇతరుల యంత్రమును ఉపయోగపడకుండ చేయుట మన దేశమున 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ప్రకారము నేరము. మూడేండ్ల వరకు చెరసాలయో, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. అంతకంటె పెద్ద మాట ఏమనగా, నిండిన పట్టిక ముందు నిలిచిపోవువాడు ఎవడో ధనవంతుడు కాడు. ఫలితముకొరకు ఎదురుచూచుచున్న మీవంటి పిల్లవాడే. లోపము కనబడినచో లూనీ చేసినట్లు చేయుడు: బాగుచేయగలవారికి నెమ్మదిగా తెలుపుడు.

చిల్లి పడుట బిందెకు అవమానము కాదు. చిల్లి యున్నదని తెలిసియు ఊరకుండుటయే యింటివారికి నష్టము.

అభ్యాసము

1. ‘సిన్’ సందేశమునకు, ‘యాక్’ సందేశమునకు గల భేదమేమి? వాని నడుమ సర్వరు ఏమి చేయును?

2. దుర్జనుడు పాడుపడిన యిండ్ల చిరునామాలనే ఏల ఎన్నుకొనును?

3. గడులు 100, వేచియుండు కాలము 75 సెకనులు అయినచో, పట్టికను ఎల్లప్పుడు నిండుగా ఉంచుటకు సెకనునకు సుమారు ఎన్ని తప్పుడు సందేశములు కావలెను?

4. ఇంటి సంఖ్య 45, తేదీ 20, రహస్య సంఖ్య 37 అయినచో గుమాస్తా కార్డుపై వ్రాయు మూడంకెలెవ్వి? తేదీ, లెక్క చేయు విధానము తెలిసినవాడు తన కార్డులు కొన్నిటిని చూచి రహస్య సంఖ్యను కనుగొనగలడా? అట్లయినచో నిజమైన సర్వరులు ఇంతకంటె కఠినమైన లెక్కను ఏల వాడవలెను?

5. 1994 నాటి నడతను, 2019 నాటి నడతను పోల్చి, మీ యింటివారితో మాటలాడి, పది వాక్యములలో వ్రాయుడు.